మీసాల మధ్యస్తుడు

ఆ ఉదయం అంకమ్మరావు రెండే పనులు పెట్టుకున్నాడు. ముందు మీసాలకు రంగు, ఆ తర్వాత రాజీ.

శావల్యాపురం వైపు ఊళ్ల తగువులు నరసరావుపేటలోని ఆయన ఇంటి హాలుకే వచ్చేవి. వచ్చినవి తీరేవని చెప్పలేం, నడిచేవి. ఇప్పటిది వీరయ్యకూ పున్నయ్యకూ మధ్య గట్టు తగువు. ఇద్దరి పొలాల నడుమనున్న నేల చెక్క ఎవరిదో తేలేదాకా అది మధ్యస్తుని చేతిలో ఉండాలన్నది ఆచారం. బీడు పడితే ఇరుపక్షాలకూ నష్టమని అంకమ్మరావు రెండేళ్లుగా అందులో మిరప వేస్తున్నాడు. నిష్పక్షపాతంగానే వేస్తున్నాడు. అయితే ఈ రాజీ కుదిర్చితే మార్కెట్ కమిటీ ఛైర్మన్ పదవికి ఆయన పేరు పంపుతామని నియోజకవర్గం పెద్దలు మాటిచ్చారు. రెండేళ్లు లేని తొందర ఆయనకు అప్పుడు పుట్టింది.

ఆ హాల్లో గోడ పొడవునా ఒక అక్వేరియం ఉంది. అందులోవి ఆఫ్రికా సిక్లిడ్ చేపలు. సగం నీలివి, సగం ఎర్రవి. ఎంత అందమో అంత కోపం. కిందటిసారి కూర్చున్నప్పుడు వాటిని చూపిస్తూ, "నీలియి వీరయ్య మావ మనుషులనుకోండి, ఎర్రయి పున్నయ్య బాబాయి మనుషులు. రాజీ నాటికి ఇయ్యన్నీ కలిసి ఉండకపోతే నన్నడగండి," అన్నాడు.

అలంకారానికి అన్న మాట. పల్నాటిలో మాటను అలంకారంగా తీసుకునేవారు తక్కువ. మర్నాటి నుంచే ఫోన్లు మొదలయ్యాయి.

"అల్లుడూ, మావోడి తోక కొరికారంట గదా. ఎవుడు వాడు?" అని వీరయ్య.

"మావోళ్లకు మేత తక్కువేస్తున్నావంట. ఏంది కథ అబ్బాయ్?" అని పున్నయ్య.

అంకమ్మరావు తొట్టి మధ్య రాళ్లు పేర్చి సరిహద్దు పెట్టాడు. అంతకుముందు ఎక్కడపడితే అక్కడ కొట్టుకున్న చేపలు ఆనాటి నుంచి సరిహద్దు దగ్గరికి వచ్చి కొట్టుకోసాగాయి. ఆలోచించగా, లోపం చేపల్లో లేదని, వాటికి మధ్యస్తుడు లేకపోవడంలో ఉందని ఆయనకు తోచింది. తన వృత్తే లోకానికి ఆధారమని నమ్మినవాడికి అంతకన్నా వేరే తోచదు.

చేపల దుకాణం జావీద్ ఒక చిన్న మచ్చల క్యాట్‌ఫిష్‌ను చూపించాడు. "ఇది కూడా ఆఫ్రికాదే అన్నా. వాటితో సర్దుకుపోద్ది."

"వేలెడంత లేదు. దీని మాట ఎవడు వింటాడు?"

"మాటెందుకన్నా దానికి? అడుగున మిగిలింది తిని ఊరుకుంటది."

"మధ్యస్తమంటే నీకేం తెలుసులే. మనిషి నిండుగా ఉండాలి. మీసం కనపడాలి."

ఆ సాయంత్రమే కాలువ మీద వల వేసేవాళ్ల దగ్గర మూరెడు వాలుగను కొని, బకెట్లో తెచ్చి తొట్టిలో వదిలాడు. వాలుగ పొడవాటి మీసాలు కదిలిస్తూ సరిహద్దు రాళ్ల దగ్గర చేరింది. చేపలన్నీ చప్పున సద్దుమణిగాయి. భయానికీ శాంతికీ బయటినుంచి చూస్తే తేడా కనిపించదు. అంకమ్మరావు నిశ్చింతగా నిద్రపోయాడు.

ఇప్పుడు అద్దం ముందు ఎడమ మీసం పూర్తిచేస్తుండగా భార్య ప్రభావతి వచ్చి నిలబడింది.

"ఏమండీ, మీ పార్టీల్లో ఒకటి కనపళ్లా."

"ఇంకా టైముంది. వస్తారులే."

"రావడం కాదు. పోయింది. నీలిది."

తొట్టిలో ఎర్రవి ఒక మూల బిక్కుబిక్కుమంటున్నాయి. నీలి చేప ఒక్కటీ లేదు. వాలుగ మాత్రం నిన్నటికన్నా నిండుగా ఉంది. వీరయ్య ఈ దృశ్యం చూస్తే ఎర్రవే చంపాయంటాడు, రాజీ పోతుంది, పదవీ పోతుంది. అంకమ్మరావు ఒకవైపు మీసంతోనే జావీద్‌కు ఫోన్ చేశాడు.

జావీద్ కవరునిండా నీలి చేపలు తెచ్చి వదిలాడు. వాలుగ తొందరేమీ లేకుండా వచ్చి ఒక నీలిదాన్ని మింగి, వెంటనే ఒక ఎర్రదాన్ని మింగింది. పక్షపాతం చూపలేదు.

"అన్నా, ముందు దాన్ని బయటికి తియ్యి."

"మధ్యస్తుణ్ని తీసేస్తే మళ్లీ కొట్టుకోరూ? కడుపు నిండితే అదే ఊరుకుంటది. నువ్వు ఇంకో కవరు పట్రా."

జావీద్ ఇంకో కవరు తెచ్చాడు. అమ్మకం బాగుండటంతో అతనూ మరి వాదించలేదు. ఆ కవరు కూడా ఖాళీ అయ్యేసరికి వీధిలో హారన్లు వినిపించాయి. అంకమ్మరావు మంచం మీది దుప్పటి లాక్కొచ్చి తొట్టి మీద కప్పి, రెండో మీసానికి రంగు పూసుకుని ఎదురు వెళ్లాడు.

రెండు పక్షాలూ రెండు గోడల వారన కూర్చున్నాయి. రాజీ మాట ఎవరూ ఎత్తలేదు. అందరి చూపూ దుప్పటి మీదే.

"ఏంది అల్లుడూ, మావోళ్లను ముసుగేసి పెట్టావు?" అన్నాడు వీరయ్య.

"నిద్రపోతున్నాయి మావా."

"చేపలకు నిద్రేంది? వీరయ్య మనుషులు చేసిందేదో దాస్తున్నాడు," అన్నాడు పున్నయ్య.

"నా మనుషులా? నీ ఎర్రోళ్లు చేసింది దాస్తున్నాడు."

ఇద్దరూ లేచి దుప్పటిని చెరొక కొసా పట్టుకుని లాగారు. రెండేళ్లలో వాళ్లిద్దరూ కలిసి చేసిన మొదటి పని అది.

తొట్టిలో వాలుగ ఒక్కటే ఉంది. రాళ్ల మీద పొట్ట ఆనించి, మీసాలు రెండువైపులా చాచుకుని, బరువుగా చూస్తోంది.

"మావోళ్లేరి?" అన్నారు ఇద్దరూ.

ప్రభావతి మంచినీళ్ల పళ్లెం బల్లమీద పెడుతూ, "అందరూ దాంట్లోనే ఉన్నారు బాబాయ్. ఆయన చెప్పినట్టే కలిసున్నారు," అంది.

వీరయ్య వాలుగ మీసాలను చూశాడు. తర్వాత అంకమ్మరావు మీసాలను చూశాడు. వాటి రంగు ఇంకా తడి ఆరలేదు.

"పున్నయ్యా, మన చెక్కలో రెండేళ్లు మిరప కోసిందెవరు?"

"నేనూ అదే చూస్తన్నా బావా."

బావా అన్న పిలుపుకు హాలంతా ఉలిక్కిపడింది.

"గట్టు నడిమికి ఏద్దామా?"

"ఏద్దాం. నిలబడ్డ పంటా సగం సగం."

"మధ్యస్తుణ్ని నేనిక్కడుండగా మీలో మీరు మాట్లాడుకోవడం పద్ధతి కాదు మావా," అన్నాడు అంకమ్మరావు. ఎవరూ వినలేదు. మధ్యస్తుడు అక్కర్లేకుండానే రాజీ అయిందన్న కబురు నియోజకవర్గం పెద్దలకు అప్పటికప్పుడే ఫోన్లో చేరిపోయింది.

రాజీ అయితే ఇరుపక్షాలూ ఒకే చాప మీద భోంచేయాలి. కూరేం చేయమంటారని ప్రభావతి అడిగింది. అందరి తలలూ తొట్టివైపు తిరిగాయి.

పులుసు చానా బాగుందన్నారు. అందులో ఏ పక్షం ఎంత ఉందని మాత్రం ఎవరూ అడగలేదు.