పడమటి గోడకి తగిన జిగురు

బట్టీలపాలెంలో ఎండలు ముదిరినాక, పన్నెండు కొట్టేసరికి ప్రతి ఇంటి పడమటి గోడా లేచి, బైపాస్ పక్కనున్న మిర్చి కోల్డ్ స్టోరేజీ నీడకి పోయి నిలబడిద్ది. సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి మళ్ళీ దాని చోట అది సర్దుకుంటది. ఇందులో వింతేం లేదు. మధ్యాహ్నం ఎండంతా మోసేది పడమటి గోడే గదా, ఎన్నాళ్ళని మోసిద్ది?

పోవటం గూడా మర్యాదగానే పోతాయి. పీత నడిచినట్టు పక్కకి పక్కకి జరుగుతా, సందు దాటి, మురిక్కాలవ దగ్గర కాస్త అంచు ఎత్తి, బైపాస్ మీద లారీలు పోయిందాకా ఆగి అప్పుడు దాటతాయి. ఇంటికప్పు మిగతా మూడు గోడల మీదా ఓర్చుకుంటది, ఆరు గంటల పనేగా. ఒకటే ఇబ్బంది, గోడతోపాటు గోడకున్నవన్నీ పోతాయి. నాసరయ్య ఇంట్లో ఆ గోడకే కేలండరుంది, అద్దముంది, గూట్లో ఆయన పెళ్ళాం గురవమ్మ బీపీ బిళ్ళలున్నాయి. మధ్యాహ్నం పూట తేదీ ఎంతో తెలియాలంటే కోల్డ్ స్టోరేజీ దాకా పోవాల్సిందే. ఊళ్ళో మగాళ్ళు సగం మంది ఎండాకాలమంతా అక్కడే తలలు దువ్వుకుంటారు.

నాసరయ్య తాపీ మేస్త్రి. ముప్పై ఏళ్ళ కింద ఆ ఇల్లు తన చేతుల్తోనే కట్టుకున్నాడు. గోడ నీడకి పోయినప్పుడల్లా "పోనీలే పాపం, రెక్కలు ముక్కలు చేసుకుంటంది" అనేవాడు. గురవమ్మకి మాత్రం వీధిలో వాళ్ళకి కనపడతా అన్నం తినటం ఇష్టముండేది గాదు. "ఏం కూరొదినా?" అని ప్రతి వాళ్ళూ అడిగేవాళ్ళు.

అట్టా గడిచిపోతుండగా, ఒక శనివారం నాడు వార్డాఫీసు ఇంజనీరమ్మ ప్రత్యూష స్కూటీ మీద వొచ్చి ఒక కాయితం చేతిలో పెట్టింది.

"గురువారం రెండింటికి ఇళ్ళ సర్వే బాబాయ్ గారూ. ఆ టైముకి నాలుగు గోడలూ ఉంటే ఇల్లని రాస్తాం. మూడే ఉంటే ఖాళీ స్థలం."

"ఖాళీ స్థలమని రాస్తే ఏమయిద్దమ్మా?"

"ఖాళీ స్థలాలన్నీ కోల్డ్ స్టోరేజీ లారీల పార్కింగుకి ఇచ్చేశారండీ."

"మరి మేం యాడుండాలా?"

"ఇక్కడే ఉండొచ్చు. లారీలు లేని టైములో."

ప్రత్యూష మంచి పిల్ల, వెంటనే ధైర్యం చెప్పింది. గోడ పొయ్యేది ఎండకి. బయటవైపు రెండంగుళాల థర్మాకోల్ పలకలు అంటిస్తే ఎండ తగలదు. ఎండ తగలకపోతే గోడ ఇంటి పట్టునే ఉంటది. పలకలు ఆఫీసు వాళ్ళే ఊరికే ఇస్తారు. ఒక్కో గోడకి పన్నెండు, విరుగుతాయేమోనని ఇంకో రెండు.

"మరి జిగురో?"

"జిగురు మీది బాబాయ్ గారూ. 'తగిన జిగురుతో అంటించుకోవలెను' అని ఉంది."

"తగినదంటే ఏది?"

ప్రత్యూష కాయితం వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏం లేదు. "తగినదేనండీ," అని స్కూటీ ఎక్కింది.

ఆదివారం సాయంత్రం నాసరయ్య సుభానీ హార్డ్‌వేర్ షాపుకి పొయ్యాడు. సుభానీకి తన షాపులో లేని వస్తువు లోకంలో లేదని నమ్మకం.

"థర్మాకోలా? అదెంత పని మేస్త్రీ! ఇదిగో, ఈ డబ్బా తీసుకుపో. చెప్పులూ సోఫాలూ లారీ సీట్లూ ఏదైనా పట్టిద్ది. దీంతో అంటిస్తే మనిషి ఊడతాడు గానీ వస్తువు ఊడదు."

గోడ అప్పుడే ఇంటికొచ్చి నిలబడింది. నాసరయ్య రెండు పలకలకి ఆ జిగురు దట్టంగా పూసి గోడకి అదిమిపెట్టాడు. అదిమిన చేతుల కింద పలక మెత్తబడింది. నీళ్ళలో ఉప్పు కరిగినట్టు కరిగింది. కాసేపటికి చేతులు గోడకున్నాయి, మధ్యలో పలక లేదు.

గురవమ్మ బయటికొచ్చింది. "పలకలేవయ్యా?"

"గోడ తాగిందే."

సుభానీని పిలుచుకొచ్చి చూపించారు. ఆయన గోడ నిమిరి చూసి, తల పంకించి, "జిగురంటే ఇదీ జిగురు! పలకని లోపలికి లాగేసుకుంది. ఇంక ఊడేదెట్టా?" అన్నాడు.

"ఊడటానికి ఏముంది సుభానీ అక్కడ?"

"అదే నేను చెప్పేది."

ఫోన్లో సంగతి విన్న ప్రత్యూష 'గోడకి బాగా పట్టింది' అని రాసుకుంది.

సోమవారం సుభానీ ఇంకో రకం ఇచ్చాడు. బస్తాలో పొడి, బండలూ టైల్సూ అంటించేది, నీళ్ళు పోసి కలుపుకోవాలి. ఇది నాసరయ్య చేతికి తెలిసిన సరుకు. ఉన్న పన్నెండు పలకలూ ఆ సాయంత్రమే వరసగా అంటించేశాడు. పొద్దునకల్లా గట్టిపడ్డాయి. గుద్దినా ఊడలా. గురవమ్మ పన్నెండు దాటినా గోడ ఉంటదన్న ధీమాతో మంగళవారం గోంగూర పప్పు చేసి, కంచాలు పెట్టి, మొదటిసారి తలుపేసుకుని కూర్చుంది.

పన్నెండు కొట్టింది. గోడ భుజాలు ఒకసారి విదిలించింది. చొక్కా విప్పినట్టు విప్పి, పలకలన్నిటినీ ఉన్నచోటే నిలబెట్టి, తను పీతలా పక్కకి జరిగి కోల్డ్ స్టోరేజీకి పోయింది. పన్నెండు పలకలు రెండు నిమిషాలు గోడలేకుండానే నిలబడ్డాయి. తరవాత మెల్లగా లోపలికి ఒరిగి గోంగూర పప్పులో పడ్డాయి.

"ఏం కూరొదినా?" అనింది వీధిలోంచి ఎవరో.

నాసరయ్య పలకలు తిప్పి వెనక చూశాడు. జిగురు చెక్కు చెదరలా. జిగురుకి సున్నం పెచ్చులు అరిచెయ్యంత మందాన పట్టుకునున్నాయి. బట్టీలపాలెం అంటేనే సున్నం బట్టీల ఊరు. ఏడాదికోసారి ప్రతి గోడకీ సున్నం కొట్టాల్సిందే, పాతది గీకటమనే మాటే లేదు. ముప్పై ఏళ్ళ సున్నం పొర మీద పొర, పుస్తకంలో కాయితాల్లాగా ఉంది.

గురవమ్మ పప్పు తుడిచి ఒక పెచ్చు అంచు చూసింది. "ఇదిగో, ఈ నీలం పెద్దాడు పుట్టిన ఏడాది గదూ? నువ్వు నీలిమందు ఎక్కువేశావని మా అమ్మ తిట్టింది."

"ఈ గులాబీ రంగు ఫంక్షన్ హాల్లో మిగిలింది," అన్నాడు నాసరయ్య. కాసేపు ఇద్దరూ అట్టా ఏళ్ళు లెక్కపెట్టుకున్నారు. తరవాత ఆయన లేచాడు. "జిగురు తప్పేం లేదే. జిగురు సున్నాన్ని పట్టుకుంది. సున్నమే గోడని పట్టుకోలా. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో మనం చూసుకోలా."

బుధవారం మధ్యాహ్నం ఆయన గీకుడు రేకూ వైరు బ్రష్షూ తీసుకుని కోల్డ్ స్టోరేజీకి పొయ్యాడు. గోడలన్నీ నీడన వరసగా నిలబడున్నాయి, కొందరు అద్దాల్లో చూసి గడ్డం గీసుకుంటన్నారు. నాసరయ్య తన గోడని వెతుక్కుని, ఇటిక కనపడేదాకా సున్నమంతా గీకాడు. గోడకి చక్కిలిగింతలు పుట్టి కాస్త ఊగింది. పక్క గోడలు సిగ్గుపడి మొహం తిప్పుకున్నాయి. సాయంత్రం అది ఒట్టి ఇటికలతో, దుమ్ము కడుక్కుని ఇంటికొస్తే వీధిలో ఎవరూ గుర్తుపట్టలా.

ఈసారి పని పద్ధతిగా జరిగింది. పలకల వెనక పాత జిగురు గీకేశాడు. గోడని తడిపాడు. ఒక్కో పలకకి చుట్టూ అంచెంబడి జిగురు గట్టు పోసి, మధ్యలో మూడు ముద్దలు పెట్టి, అదిమి, మట్టం చూశాడు. పన్నెండో పలక అయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. చేతులు కడుక్కుంటంటే గురవమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఖాళీ బస్తా మీద అచ్చు చదవటం మొదలెట్టింది.

"అంటించినాక రెండ్రోజులు ఎండ తగలనివ్వరాదంటయ్యా."

"రెండ్రోజులంటే?"

"శుక్రవారం సాయంత్రం."

"సర్వే ఎప్పుడు?"

"రేపు రెండింటికి."

ఇద్దరూ గోడ వంక చూశారు. రేపు గోడ ఇంటి దగ్గరుంటే పచ్చి జిగురుకి ఎండ కొట్టి పలకలు ఊడతాయి. నీడకి పోతే జిగురు నిలబడిద్ది గానీ ఇల్లు పోద్ది. నీడ కోసం సుభానీకి ఫోన్ చేసి టార్పాలిన్ పట్టా అడిగారు. పట్టాలన్నీ కోల్డ్ స్టోరేజీ వాళ్ళు మిర్చి బస్తాల మీదకి తీసుకుపొయ్యారంట. "జిగురు బస్తా మీద అచ్చులో గోడ నడవగూడదని ఎక్కడా లేదుగా, నింపాదిగా నీడకే పోనీ," అన్నాడు సుభానీ. అది నిజమే.

నాసరయ్య బాగా ఆలోచించి ప్రత్యూషకి ఫోన్ చేశాడు. "అమ్మా, అసలు సర్వేలో గోడంటే ఏంది?"

కాయితాలు తిరగేసిన చప్పుడు. "'హద్దున నిలువుగా నిలబడి, కదలక మెదలక, తట్టినచో గట్టిగా ఉండునది' అని ఉంది బాబాయ్ గారూ."

"ఇటికల్దే అయ్యుండాలని ఉందా?"

"లేదండీ."

"నోరుండగూడదని?"

"లేదు. కానీ ఇంతవరకూ సర్వేలో ఏ గోడా మాట్లాడలేదు."

గురువారం పన్నెండింటికి గోడ పలకలు తొడుక్కుని మెల్లగా నీడకి పోయింది. ఒకటిన్నరకి గురవమ్మ మొగుడి మొహానికీ చేతులకీ సున్నం పూసి, పడమటి పక్క పునాది మీద నిలబెట్టింది. గోడ వెడల్పు ఏడడుగులు. నాసరయ్య చేతులు చాపితే అయిదున్నర. మిగతాదానికి బియ్యం డబ్బా పెట్టింది. చంకల కిందనుంచి వీధి కనపడతంది, అది కిటికీ.

రెండింటికి ప్రత్యూష ఇద్దరు సిబ్బందితో వొచ్చింది. వెనకాలే ఒక లారీ గూడా వొచ్చి ఇంజనాపకుండా నిలబడింది. డ్రైవరు కిందకి దిగి స్థలం పొడుగు అడుగులేసి కొలుచుకున్నాడు. ఎండ నాసరయ్య వీపు మీద పెనం పెట్టినట్టుంది. ఒక ఈగ వొచ్చి ముక్కు మీద వాలింది. ముప్పై ఏళ్ళ కింద కట్టుకున్న ఇల్లు ఆ ఈగ కాళ్ళ మీద నిలబడుంది. నాసరయ్య మెదల్లా.

ప్రత్యూష పెన్నుతో ఛాతీ మీద రెండు దెబ్బలు కొట్టింది. "గట్టిగానే ఉంది. కొంచెం చెమ్మ."

"కొత్తదమ్మా, ఇంకా ఆరలా," అనింది గురవమ్మ.

"కాయితంలో జిగురు అనే కాలమ్ ఒకటుందండీ. దేంతో నిలబడింది ఇది?"

గురవమ్మ మొగుడి వంక చూసింది. ఈగ ఇంకా అక్కడే ఉంది. "ఏమోనమ్మా. ముప్పై ఏళ్ళనుంచీ కదల్లా. దేంతోనో నేనెప్పుడూ అడగలా."

ప్రత్యూష ఆలోచించి, 'తగినది' అని రాసింది. ఛాతీ మీద ఇంటి నంబరు స్టిక్కరు అంటించింది. సిబ్బంది ఇద్దరూ కాసేపు నాసరయ్య నీడలో నిలబడి మజ్జిగ తాగారు. లారీ డ్రైవరు ఇంకో ఖాళీ స్థలం వెతుక్కుంటా పొయ్యాడు.

శుక్రవారం సాయంత్రానికి జిగురు ఆరింది. శనివారం పన్నెండు కొట్టినా గోడ కదల్లా. పలకల చాటున చల్లగా, కునుకు తీస్తన్నట్టు నిలబడింది. నాసరయ్య దాని మీద చెయ్యేసి "గెలిచామే!" అంటంటే ప్రత్యూష స్కూటీ ఆగింది.

"ఇదేంటి బాబాయ్ గారూ, ఈ గోడ?"

"మా గోడేనమ్మా! పలకలు పట్టినయ్యి, చూడు."

"మీ ఇంటికి రికార్డులో నాలుగు గోడలున్నాయండీ. మూడు ఇటికలవి, పడమటిది మీరు. ఇది అయిదోది. పర్మిషన్ లేని కట్టడం కింద కొట్టేస్తారు."

"నా పేరు తీసేసి దీని పేరు రాయొచ్చుగా!"

"దరఖాస్తు పెట్టండి, పైకి పంపిస్తాను. తేలేదాకా రోజూ రెండింటికి చెకింగుంటది. రాసింది రాసినట్టు ఉండాలి."

గోడ అంతా విన్నది. పీతలా పక్కకి జరిగి, సందు దాటి, కొత్త పలకల అంచు తగలకుండా మురిక్కాలవ దాటి నీడకి పోయింది. నాసరయ్య పోయి పునాదెక్కాడు.

వారం తిరిగేసరికి ఊరంతా ఇదే దారి పట్టింది. సున్నం గీకటం, జిగురు కలపటం, మట్టం చూడటం, ఇన్ని తిప్పలెందుకు, పోయి నిలబడితే పోద్దిగా అన్నారు. మధ్యాహ్నం రెండింటికి బట్టీలపాలెంలో ఏ సందు చూసినా పడమటి పక్కన చేతులు చాపి మనుషులు. సుభానీ గూడా షాపు మూసి తనింటికి తను నిలబడ్డాడు. జిగురు బస్తాలు అట్టానే ఉండిపొయ్యాయి.

ఒకరోజు చెకింగుకొచ్చిన ప్రత్యూషని నాసరయ్య పెదాలు కదలకుండా అడిగాడు. "అమ్మా, ఆ పలకలేవో నాక్కూడా నాలుగు అంటించగూడదా? వీపు మండతంది."

"అవి ఎండకి పారిపొయ్యే వాటికే బాబాయ్ గారూ," అంది ప్రత్యూష నొచ్చుకుంటా. "మీరు పారిపోవట్లేదుగా."

అదీ నిజమే. పైగా ముప్పై ఏళ్ళు ఎండలో నిలబడి గోడలు కట్టిన మనిషాయె, గోడ కావటం ఆయనకి పెద్ద తేడాగా ఏం అనిపించలా. కొత్త గోడకి తడి పెట్టినట్టు గురవమ్మ పొద్దునా సాయంత్రం రెండు చెంబుల నీళ్ళు పోస్తది. ఆరిపోగానే మళ్ళీ సున్నం పూస్తది. దరఖాస్తు పైకి పోయింది, ఇంకా పైనే ఉంది.

మొన్నీమధ్య ఆవిడ బైపాస్ దాటి పోయి, గోడ మీదున్న కేలండరు తీసుకొచ్చి మొగుడి చొక్కా గుండీకి తగిలించింది. ఇప్పుడు మధ్యాహ్నం పూట తేదీ ఎంతో చూసుకోటానికి కోల్డ్ స్టోరేజీ దాకా పోవాల్సిన పని లేదు.