సైరా కట్టిచ్చిన సమ్సాల మూట

బిష్కెక్‌లో హోటళ్ల శుభ్రత తనిఖీ చేసే అధికారి ఎసెన్‌గుల్. కూతురు అయ్‌పేరి సంబంధం ఖాయం చేసుకోవడానికి ఆ ఉదయం కొండల మీది గొర్రెల కాపరుల గుడారానికి బయల్దేరాడు. ఈ సంబంధం తప్పిపోతే కూతురు జన్మలో మాట్లాడనని ముందే చెప్పింది.

"అక్కడ కుమిస్ ముట్టుకోకండి. గుర్రం పాలు, కాచనైనా కాచరు, పులియబెట్టి పోస్తారు! పోయినసారి మూడు రోజులు మంచం దిగలేదు మీరు," అంటూ భార్య సైరా మాంసం కూరిన సమోసాల్లాంటి సమ్సాలు పాతిక, పొయ్యి మీంచి తీసినవి తీసినట్టే తువాలులో బిగించి కట్టిచ్చింది. కారు డిక్కీలో, ఎండలో, ఏడు గంటలు ఆ మూట భద్రంగా ప్రయాణం చేసింది.

గుడారం గుమ్మంలోనే వియ్యపురాలు బురుల్చా మూట అందుకుంది.

"ఇంత శ్రమ ఎందుకు అన్నయ్యగారూ!"

ఆ కొండల్లో చుట్టం చేత్తో తెచ్చిందేదైనా కానుకే. సమ్సాలన్నీ అందరి మధ్యకూ చేరాయి. తెచ్చిన కానుక తనే తింటే పరువు పోతుంది. ఎసెన్‌గుల్ గుటకలు మింగుతూ కూర్చున్నాడు.

వియ్యంకుడు కెరిమ్‌కుల్ కుమిస్ గిన్నె అందించాడు.

"నాకు కడుపు కాస్త బలహీనం, బావగారూ."

"ఆ మాట ముందే చెప్పరేం! ఏమేవ్, పెద్ద గిన్నె తే! కడుపుకి ఇంతకంటే మందేముంది?"

తప్పదని ఊపిరి బిగబట్టి ఒక్క గుక్కలో తాగేశాడు. చుట్టం ముందు గిన్నె ఖాళీగా ఉండటం అక్కడ ఇంటివాళ్లకు నామోషీ. వెంటనే నింపారు.

"చూశారా, ఎంత ఇష్టంగా తాగుతున్నారో!" అని మురిసిపోయింది బురుల్చా.

అలా ఆరు గిన్నెలయ్యాయి. సమ్సాలు ఒక్కటీ మిగల్లేదు.

పొద్దు వాలేసరికి కెరిమ్‌కుల్ చెంబు పట్టుకుని కొండ వెనక్కి పరుగెత్తాడు. తర్వాత బురుల్చా, ఆ తర్వాత పెళ్లికొడుకు. తన వంతు కోసం ఎసెన్‌గుల్ భయంభయంగా కాచుకు కూర్చున్నాడు. అది రానే లేదు. ఖాళీ తువాలు వాసన చూశాక సంగతి అర్థమైంది. ఇలా వేడివేడిగా మూటగట్టి ఉంచిన పాపానికే ఎన్ని కొట్లు మూయించాడో!

తెల్లారేదాకా నీళ్లు కాచి, ఉప్పూ చక్కెరా కలిపి అందరికీ తాగించాడు. సంబంధం పోయినట్టేనని దుఃఖం ముంచుకొచ్చింది. అయినా దాచలేకపోయాడు.

"తప్పు మాదే బావగారూ. ఆ సమ్సాలు..."

కెరిమ్‌కుల్ నీరసంగా అతని చెయ్యి పట్టుకున్నాడు. "తెలిసిందిలెండి. బస్తీలో రోజూ ఇదేనా మీ తిండి? పాపం, ఆ పిల్ల ఎలా బతికిందో! పెళ్లి వచ్చే వారమే చేసేద్దాం. ముందు పిల్లని ఇక్కడికి తెచ్చుకోవాలి."

తిరుగు ప్రయాణంలో డిక్కీలో పది లీటర్ల కుమిస్ ఉంది. సైరా కడుపు బాగుపడాలని వియ్యపురాలు పంపింది.