తువ్వాలు కింద కాపురం

ఆ నెల మొదట్లో పశువుల దళారి మస్తానయ్యకు ఉన్నవి ఒక రేకు ఫోను, భుజాన తువ్వాలు, భార్య సుబ్బరత్నంతో పాతికేళ్ల కాపురం. లేనిదల్లా ఆమె గొంతు. అతనిది రేకు కంపెనీ ఫోను, ఆమెది గాజు కంపెనీది. ఎదురెదురుగా కూర్చున్నా సరే, గాజు ఫోను వాళ్ల మాట రేకు ఫోను వాళ్లకు, వీళ్ల మాట వాళ్లకు వినిపించడం ఒకటో తేదీన ఆగిపోయింది. ఇదంతా ఖాతాదారుల భద్రత కోసమేనని రెండు కంపెనీలూ ప్రకటించాయి. చీటీ రాసినా అవతలివాళ్లకు తెల్ల కాగితమే. ఫోను పారేసినవాళ్ల మాట ఎవరికీ వినిపించదు.

మస్తానయ్య రేకు కంపెనీ ఆఫీసుకెళ్లి టోకెను తీసుకుని కూర్చున్నాడు.

"మీ ఆవిడకు మన ఫోను కొనిపెట్టండి బాబాయ్, గొంతు ఆ నిమిషమే వస్తుంది," అంది కౌంటరులో అమ్మాయి.

"దాని అక్కచెల్లెళ్లంతా గాజు వాళ్లే తల్లీ. ఇటొస్తే వాళ్లు దూరమైపోతారు."

"అయితే మీరే అటు మారండి."

"నాకు బేరాలిచ్చే రైతులంతా రేకే. అటుపోతే నేను తినేదేంటి?"

"మా ఆయనా గాజే బాబాయ్. మొదట్లో కష్టంగానే ఉంటుంది. తర్వాత పెద్ద తేడా ఏం తెలీదు."

సంతలో మాత్రం పని ఆగలేదు. అక్కడ ధర ఎప్పుడూ నోటితో చెప్పరు. పక్కవాళ్లకు తెలియకుండా తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టి చెబుతారు. అవతలివాడు చెయ్యి వదలకపోతే ధర చాలలేదని అర్థం. ఇంకో వేలు కలపాలి.

ఆ తువ్వాలునే మస్తానయ్య ఇంటికి తెచ్చాడు. ఒక వేలు పడితే తిన్నావా, రెండు పడితే మందు వేసుకున్నావా. మూడో వేలికి ఏ అర్థం పెట్టాలో ఇద్దరికీ తోచలేదు. రెండింటితోనే కాపురం సాగింది.

నెల చివరి రోజు సాయంత్రం సుబ్బరత్నం ఆస్పత్రి నుంచి వచ్చింది. మోచేతి మడతలో దూది అంటించి ఉంది. ఎదురుగా కూర్చుని చాలాసేపు మాట్లాడింది. మధ్యలో కళ్లు తుడుచుకుంది. తర్వాత తనే తువ్వాలు లాగి కప్పి, అతని వేలు పట్టుకుంది.

"తిన్నానే," అని వేలు వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు. మస్తానయ్య అలవాటు కొద్దీ ఇంకో వేలు కలిపాడు. వదల్లేదు. మూడు. నాలుగు. అయిదోదీ ఇచ్చేశాక అతని దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. చెయ్యి మొత్తం ఆమె చేతిలో ఉంది. అప్పుడు కూడా వదల్లేదు.

రెండో చేతిలో ఫోను మోగింది. రేపు ఒకటో తేదీ నుంచి స్పర్శకు కూడా ఇదే నిబంధన వర్తిస్తుందట. సమ్మతమేనా అని అడిగింది. 'సమ్మతమే' అన్న ఒక్క బొత్తామే ఉండటంతో మస్తానయ్య బొటనవేలితో దాన్నే నొక్కాడు.

ఫోను పక్కన పెట్టి, మనసులో లెక్క చూసుకున్నాడు. మిగిలింది భార్య చెయ్యి, రేపటి దాకా.