సుభాని కత్తిరించిన ప్రొద్దుటూరు

పెళ్లాన్ని ఊరికి పంపాలనుకున్న మొగుడు ఎవడైనా టికెట్ కొంటాడు. మహబూబ్ సుభాని మాత్రం కంప్యూటర్ కొన్నాడు.

కొన్నది కూడా కొత్తదేం కాదు. సౌదీలోని జుబైల్‌లో వాళ్ళ బిల్డింగ్ పై అంతస్తులో ఉండే మలయాళీ కుటుంబం ఎగ్జిట్ వీసా మీద దేశం వదిలి వెళ్ళిపోతూ అమ్మేసిన పాతది. ఆన్ చేస్తే మిక్సీలో పప్పు వేసినట్టు మోగేది. ఆ మోత కాస్త తగ్గిందంటే పని చేస్తున్నట్టు, పూర్తిగా ఆగిందంటే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలన్నట్టు.

ఆ సంవత్సరం జుబైల్‌లో ఏ నలుగురు కలిసినా రెండే మాటలు. ఉద్యోగాలు సౌదీ వాళ్ళకే ఇవ్వాలనే నితాకత్ దెబ్బకు ఈసారి కంపెనీలో ఎవరి ఉద్యోగం ఊడుతుంది, కుటుంబం మీద పడిన కొత్త ఫీజు ఎలా కట్టాలి. భార్యకింత, బిడ్డకింత అని తలల లెక్కన వేశారు దాన్ని. ఏడాది మొత్తానిదీ ముందే కడితే గానీ అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యూవల్ కాదు. సుభాని ఇంట్లో అలాంటి తలలు రెండున్నాయి. ఒకటి భార్య గుల్షన్‌ది, ఇంకోటి ఏడేళ్ళ సల్మాది. రెండూ బంగారం లాంటి తలలే గానీ బంగారం ధరకే వచ్చేటట్టున్నాయి.

"పంపించెయ్ సుభానీ," అన్నాడు దస్తగిరి. ప్లాంటులో సుభానితో పాటే మెయింటెనెన్స్‌లో పనిచేస్తాడు. అడక్కుండానే సలహా ఇస్తాడు కాబట్టి అందరూ సలహాల దస్తగిరి అంటారు. "నేను పంపిచ్చినా గదా. ఎంత హాయిగా ఉండానో చూడు."

ఈ మాట అతను చెప్పింది సుభాని ఇంట్లో కూర్చుని, గుల్షన్ కాల్చిన నాలుగో రొట్టె తుంచుకుంటూ. కుటుంబాన్ని పంపిన దగ్గర్నుంచి అతని హాయి అంతా వీళ్ళ ఇంట్లోనే జరుగుతోంది.

సుభాని ఒకసారి నోటితో ప్రయత్నించి చూశాడు.

"ఊర్లో అందరూ బాగుండారంట మే," అన్నాడు.

"ఉండనీ."

"వానలు కూడా బాగా పడినాయంట."

"పడనీ."

"నీకు ఒకసారి పోవాలని లేదా?"

"నువ్వు ఏమన్నా పగలగొట్టినావా?" అంది గుల్షన్. "ఇంత మెల్లగా మాట్లాడతాండావంటే ఏందో ఉండాది."

నోటితో లాభం లేదని తేలిపోయింది. ఆమెకు ఆమే 'నేను ఊరికి పోతా' అనాలి. అలా అనిపించాలంటే వాళ్ళ ఊరు ప్రొద్దుటూరు ఆమె కళ్ళ ముందుకు రావాలి, అదీ ఫోనులో అరచేయంత కాదు, హాల్లో ఉన్న పెద్ద టీవీలో గోడంత రావాలి. అంటే వీడియోలు తెప్పించి, అతికించి, పాటలు కలిపి, డిస్కు కొట్టాలి. పదిహేనేళ్ళుగా పంపులూ వాల్వులూ విప్పి బిగిస్తున్న వాడికి ఇదొక లెక్కా అనుకున్నాడు సుభాని.

తమ్ముడు మౌలాకు ఫోన్లో ఆదేశాలు వెళ్ళాయి. ఇల్లు తీయాలి, కరెంటు ఉన్నప్పుడే తీయాలి. వీధి తీయాలి, పక్కన మురికి కాలవ పడకూడదు. అమ్మను తీయాలి, కోపంగా లేనప్పుడు తీయాలి. మూడోది దొరకడానికి మౌలాకు వారం పట్టింది.

ఇంట్లో మాత్రం సుభాని కంపెనీ వాళ్ళ సేఫ్టీ వీడియో చేస్తున్నానని చెప్పి గది తలుపు వేసుకున్నాడు. గుల్షన్ టీ పట్టుకొచ్చినప్పుడల్లా కంగారుగా తెర మూసేసేవాడు.

"సేఫ్టీ వీడియో చూస్తే నాకేమన్నా ప్రమాదమా?" అంది ఒకరోజు.

"కంపెనీ రహస్యం."

"సరే. ఆ స్పీకరు బొమ్మ మీద గీత ఉండాది చూసినావా? దాన్ని నొక్కితే సౌండొస్తాది. పొద్దున్నించీ మూగ సినిమా చూస్తాండావు."

నొక్కితే నిజంగానే వచ్చింది. సుభాని ఆ విషయం తనకు ముందే తెలిసినట్టు తలూపాడు.

"ఇట్ల కత్తెర బొమ్మతో కోస్తే, ఆ కోసిన ముక్క యాడికి పోతాది?" అని అడిగింది.

"యాడికీ పోదు. గాల్లో కలిసిపోతాది."

"అట్లనా," అని ఆమె గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. ఇంత చిన్న విషయం కూడా తెలియదు పాపం అనుకున్నాడు సుభాని.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక దృశ్యం నుంచి ఇంకో దృశ్యానికి మారడానికి వంద రకాలున్నాయి. కాగితం తిరగేసినట్టు, తెర చించినట్టు, గులాబీ విచ్చుకున్నట్టు. సుభాని దేన్నీ చిన్నబుచ్చలేదు. ఊళ్ళో వీధి హృదయాకారంలో తెరుచుకుని, సుడి తిరిగి, ముక్కలై, ఆ ముక్కల్లోంచి వాళ్ళమ్మ మాబున్నీ వచ్చేది. పైగా అది డబ్బు కట్టని ట్రయల్ సాఫ్ట్‌వేర్ కావడంతో ఆమె నుదుటి మీద ఆ చివరి నుంచి ఈ చివరికి 'ట్రయల్' అని పెద్ద అక్షరాలు పడేవి.

సినిమా డిస్కు మీదికి ఎక్కడం, అంటే డిస్కు కాలడం, ఇంకో యజ్ఞం. తొంభై తొమ్మిది శాతం వరకు గుర్రంలా పరిగెత్తి, అక్కడ ఆగి, ట్రే బయటికి చాపి నాలుక వెళ్ళబెట్టేది కంప్యూటర్. చెడిపోయిన డిస్కులన్నీ గుల్షన్ దారం కట్టి బాల్కనీలో వేలాడదీసింది. ఏసీ డబ్బా మీద కాపురం పెట్టిన పావురాలు ఆ తళతళకు బెదిరి ఎదురు బిల్డింగుకు మారిపోయాయి. సుభాని సినిమాకు ఊరు ఖాళీ చేసి వెళ్ళిన మొదటి ప్రేక్షకులు అవే.

చివరికి ఒక డిస్కు పూర్తిగా కాలింది. దాన్ని టీవీ పక్కన పెట్టి, శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక నలుగురినీ భోజనానికి పిలిచాడు. నలుగురి ముందు అయితే గుల్షన్ మనసు తొందరగా కరుగుతుందని దస్తగిరి సలహా. దస్తగిరి వచ్చాడు. ఎదురింటి చెంచులక్ష్మీ ఆమె భర్తా వచ్చారు. నెల్లూరు వాళ్ళు. నితాకత్‌లో అతని ఉద్యోగం పోయింది, వచ్చే నెలలో వెళ్ళిపోతున్నారు.

"ఒక చిన్న సినిమా," అన్నాడు సుభాని సిగ్గుపడుతూ. "ఊరు గుర్తొచ్చి చేసినా. ఎవరికన్నా ఏడుపొస్తే ఆపుకోవద్దండి."

ప్లే నొక్కాడు. బంగారు రంగు అక్షరాలు మెరుస్తూ వచ్చాయి. 'మా ఊరు పిలుస్తోంది.' సుభాని గుల్షన్ వైపు చూశాడు. ఆమె బిర్యానీ వడ్డిస్తోంది. మళ్ళీ టీవీ వైపు తిరిగేసరికి కింద ఇంకో వరుస వచ్చింది. 'పిలిపించినది: మహబూబ్ సుభాని.'

ఈ వరుస తను వేసిన గుర్తు లేదు.

తెర మీదికి తమ్ముడు మౌలా మొహం వచ్చింది, చీకట్లో. "అన్నా, కరెంటు ఇంకా రాలే. పొద్దున పోయింది. వచ్చినాక తీస్తాలే, వదిన చూడకుండా ఇది తీసెయ్."

దస్తగిరి నోటి దాకా వెళ్ళిన ముద్ద అక్కడే ఆగింది. సుభాని రిమోట్ కోసం వెతికాడు. అది సల్మా ఒళ్ళో ఉంది. సల్మా వాళ్ళమ్మ వైపు చూసింది, వాళ్ళమ్మ తల అడ్డంగా ఊపింది.

తర్వాత వీధి వచ్చింది. మౌలా గొంతు వెనకాల నుంచి వినిపించింది. "కాలవ పడకుండా తీయమంటివి. కాలవ పడకుండా తీయాలంటే నేను మిద్దెక్కి ఆకాశం తీయాల. మన వీధిలో అది లేని జాగా యాడుంది?"

చెంచులక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భర్త పెట్టుకోలేదు, పగలబడి నవ్వాడు.

అప్పుడు మాబున్నీ వచ్చింది. నుదుటి మీద 'ట్రయల్' లేకుండా, ఉన్నది ఉన్నట్టు, మంచం మీద కూర్చుని వక్కాకు నములుతూ. "గుల్షన్ వస్తే ఇల్లు నిండుతాది," అంది. సుభాని ఉంచిన ముక్క అంతవరకే. ఆ మాట తర్వాత గులాబీ విచ్చుకోవాలి. విచ్చుకోలేదు. ఆమె వక్కాకు పక్కకు తోసి కొనసాగించింది.

"ఇల్లు ఇప్పటికే నిండుండాది నాయనా. లోపలి రూములో శెనక్కాయ మూటలు, బయటి రూములో మౌలా పెళ్లాం పిల్లోళ్ళు. ఆ పిల్లను తెచ్చి యాడ పండబెడతావు? ఒక పొయ్యి కాడ ఇద్దరు కోడండ్లు పడరు, నాకా అరుపులు పడవు. అయినా ఆ పిల్లను ఎందుకు పంపిస్తాండావు రా? నీకు తిండి యావ తప్ప వండేది రాదు. జొరమొస్తే చెప్పవు. ఒంటరిగా ఉంటే చెడిపోతావు. కష్టమో నష్టమో ఒక కాడే ఉండండి. ఇది కూడా తీస్తాండావా మౌలా? తీస్తే తియ్యి, వానికి వినపడాల."

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఈ ముక్కను సుభాని ఒక సాయంత్రం కత్తెరతో కోసి పారేశాడు. కోసేటప్పుడు వాళ్ళమ్మ ఏమంటోందో సరిగ్గా విననైనా వినలేదు, నిడివి ఎక్కువైందని కోశాడు. ఇప్పుడు విన్నాడు.

సినిమా ఇంకా అయిపోలేదు. ప్రొద్దుటూరు పోయి జుబైల్ వచ్చింది. సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు మీద సల్మా సైకిలు తొక్కుతోంది. వెనక సుభాని పట్టుకోవడానికి పరిగెత్తి, చెప్పు తెగి కూర్చున్నాడు. డ్యూటీ నుంచి వచ్చి యూనిఫాంతోనే సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, అతని పొట్ట మీద సల్మా హోంవర్కు చేసుకుంటోంది. ఇవన్నీ గుల్షన్ ఫోనులోవి. హృదయాలు లేవు, సుడులు లేవు, ఒకదాని తర్వాత ఒకటి తాపీగా వచ్చాయి. చివర తెల్లటి అక్షరాలు పడ్డాయి. 'వీళ్ళను వదిలిపెట్టి నేను పోవాలంట.'

దస్తగిరి బిర్యానీ పళ్ళెంలోకి ఏడ్చాడు. "హాయిగా లేదు సుభానీ," అన్నాడు. "నేను అబద్ధం చెప్పినా."

చెంచులక్ష్మి కళ్ళు తుడుచుకుని గుల్షన్ చెయ్యి పట్టుకుంది. "అక్కా, పదకొండేళ్ళున్నాం ఈ ఊళ్ళో. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. ఫోటోలన్నీ ఏ ఫోన్లో ఉండాయో కూడా తెలీదు. పోయే లోపల మాకూ ఇట్టాంటిది ఒకటి చేసి పెట్టవా? మా అత్తకి చూపించాల, మేము ఈడ ఎంత బాగా బతికామో."

"చేస్తాలే. ఫోన్లన్నీ తీసుకోనిరా," అంది గుల్షన్.

అందరూ వెళ్ళాక సుభాని గిన్నెలు కడుగుతూ అడిగాడు. ఎవరూ కడగమనలేదు, తనంతట తనే మొదలుపెట్టాడు.

"నీకెట్ల తెలిసింది?"

"గాల్లో కలిసిపోతాదంటివి గదా. గాల్లో వెతికినా, లేదు. ఫోల్డర్లో చూసినా, అన్నీ ఆడే ఉండాయి. నువ్వు కోసింది నీ సినిమాలో నుంచి మాత్రమే, కంప్యూటర్‌లో నుంచి కాదు. నువ్వు డ్యూటీకి పోయినప్పుడు నేనొకటి చేసి నీ డిస్కు జాగాలో పెట్టినా." గుల్షన్ తుడిచిన పళ్ళెం పక్కన పెట్టింది. "అయినా కష్టంగా ఉండాది మే అని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది గదా. ఎందుకు అడగలేదు?"

"అడిగితే పోతావేమోనని," అన్నాడు సుభాని.

పంపడానికి ఇంత పన్నాగం పన్నిన మనిషి చెప్పాల్సిన జవాబు కాదది. గుల్షన్ అతని చేతిలోని గిన్నె లాక్కుంది. జిడ్డు అలాగే ఉంది.

చెంచులక్ష్మి డిస్కు జుబైల్ అంతా తిరిగింది. అప్పుడు తెలిసింది, వెళ్ళిపోయే ప్రతి కుటుంబానికీ ఇదే కావాలని. సోఫాలు అమ్మేయవచ్చు, కుక్కర్లు పంచిపెట్టవచ్చు, ఇక్కడ గడిచిన ఏళ్ళను ఏ కార్గోలో వేయాలో మాత్రం ఎవరికీ తెలియడం లేదు. గుల్షన్ వాటిని గంటన్నర డిస్కులోకి కుదించి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేది. వద్దన్నా చేతిలో డబ్బు పెట్టి పోయేవాళ్ళు. మొదట బిడియపడింది, తర్వాత ధర చెప్పింది, ఆ తర్వాత ట్రయల్ పోయేలా సాఫ్ట్‌వేర్ కొనేసింది.

గిరాకీలు కూడా రకరకాలు. ఒకామె పుట్టినరోజు వీడియోలోంచి ఆడబిడ్డను తీసేయమంది. ఒకాయన తన బట్టతల మీద జుట్టు పెట్టమన్నాడు. ఒక పెద్దాయనకు పద్దెనిమిదేళ్ళలో ఒంటె మీద ఎక్కే తీరిక దొరకలేదట, మనవళ్ళు అడుగుతారు, ఎక్కించమన్నాడు. గుల్షన్ ఆడబిడ్డ జోలికి వెళ్ళలేదు గానీ ఒంటె మీదికి మాత్రం ఎక్కించింది. ఒంటె కంటే ఆయనే ఎత్తుగా వచ్చాడు, ఆయన దానికే ఎక్కువ సంతోషించాడు.

సుభానికి కూడా కొలువు దొరికింది. డిస్కుల మీద వంకర పోకుండా స్టిక్కర్లు అంటించడం, పేర్లు రాయడం, ఎయిర్‌పోర్టుకు బయల్దేరే లోపు ఇళ్ళకు చేర్చడం. ఎడిటింగ్ దగ్గరికి మాత్రం రానివ్వలేదు. ఒకసారి చొరవ చేసి గులాబీ పెట్టబోతే మౌస్ పట్టుకున్న చేతి మీద చిన్న దెబ్బ పడింది.

ఇఖామా గడువు దగ్గరపడిన రోజు గుల్షన్ కవరు తెచ్చి అతని ముందు పెట్టింది. రెండు తలల ఫీజూ అందులో ఉంది. సుభాని బ్యాంకుకు వెళ్ళి కట్టి, రసీదు జేబులో పెట్టుకుని, దారిలో కనిపించిన వాళ్ళందరికీ అడక్కుండానే చూపించుకుంటూ ఇంటికొచ్చాడు. పెళ్ళయ్యాక ఇంత సంతోషంగా డబ్బు పోగొట్టుకున్నది అదే మొదటిసారి.

"వచ్చే ఏడు ఇది రెట్టింపంట మే," అన్నాడు, కూర్చున్నాక.

"తెలుసు. అప్పుడు ఇంకా ఎక్కువ మంది పోతారు. ఇంకా డిస్కులు కావాల."

"ఆ తర్వాత ఇంకా పెరుగుతాదంట. అందరూ పోతే?"

గుల్షన్ తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"అందరివీ అయిపోయినాక కడాకు మనది చేసుకోని, ముగ్గురమూ ఒకే విమానంలో పోదాం," అంది. "అంతదాకా నువ్వు కూసోని దిగులు పడబాక. పోయి టీ పెట్టు."

సుభాని లేచి వెళ్ళి టీ పెట్టాడు.