అచ్చాయమ్మ గారి పట్టాల కేసు

"ఈ దేశంలో బుర్రన్నది ఇద్దరికే ఉందిరా దానం. ఆ రెండోవాడింకా పుట్టలేదు," అన్నాడు డిటెక్టివ్ సాయిదుర్గాప్రసాద్, నా జెరాక్సు షాపులో నా కుర్చీలో కూర్చుని నా టీ తాగుతూ.

వాడి ఆఫీసు కూడా నా షాపే. ఇంతవరకూ వాడు ఛేదించిన కేసు ఒక్కటే, వాడి సొంత కళ్ళజోడు పోయిన కేసు. అదీ నెత్తిమీదే ఉందని నేను చెప్పాక.

అంతలో ఫోను. రిటైరైన పోస్టుమాస్టరు కాశీవిశ్వనాథం గారు.

"ప్రసాద్ గారూ, మా పట్టాలు పోయేయండీ! నాలుగింటికి అమ్మ జెండా ఊపాలి. కొంప మునిగిందండీ!"

ఫోను పెట్టేసి వాడు ఛాతీ విరిచాడు. "విన్నావా? పట్టాలు మాయం! జెండాలు సిద్ధం! భూకబ్జారా ఇది! రొయ్యల చెరువుల ముఠా! ముమ్మిడివరం వైపు నుంచి మృత్యువు బయల్దేరింది. బండి తియ్యి!"

బండీ నాదే. పెట్రోలూ నాదే.

వాళ్ళ గేటు దగ్గరే విచారణ మొదలెట్టేశాడు.

"ఎన్ని పట్టాలండీ?"

"రెండు ముక్కలండీ. మిగతావి పెరట్లో పరిచే ఉన్నాయి."

"పట్టాలు నేలమీద పరిచేరా! బీరువాలో ఉండాలి కదండీ?"

"పరవకపోతే ఎలా తిరుగుద్దండీ?"

"ఎవరు?"

"ఇంజనండీ."

"ఇంజనీరన్నమాట!" వాడు నాకేసి చూసి కన్ను గీటాడు. "ఎవరి పేరున ఉన్నాయి?"

"అమ్మ పేరే పెట్టేనండీ."

"హద్దులు?"

"తూర్పున కొబ్బరిచెట్టు, పడమర కోళ్ళగూడండీ."

పెరట్లోకెళ్ళాక నాకు బోధపడింది. కొబ్బరిచెట్ల మధ్య నేల చదును చేసి, సన్న కంకర పోసి, గుండ్రంగా బొమ్మ రైలు పట్టాలు పరిచారు. ఒకచోట మాత్రం ఖాళీ. ఆ ఖాళీ ముందు ఎర్రటి ఇంజను, మూడు పెట్టెలు. వాటిమీద 'అచ్చాయమ్మ ఎక్స్‌ప్రెస్' అని రాసుంది.

"రైలు పట్టాలురా సన్నాసీ!" అన్నాను వాడి చెవిలో.

"రైల్వే భూములా! అయితే కేసు ఢిల్లీ దాకా వెళ్తుంది!"

కాశీవిశ్వనాథం గారు వంగి ఇంజను మీద దుమ్ము తుడిచారు. "అమ్మ కాపురానికొచ్చిన రోజు నుంచీ మన అమలాపురానికి రైలొస్తుందని వింటానే ఉందండీ. ఇప్పుడు చూపు తగ్గిపోతోంది. ఇంకెవరో తెచ్చేదాకా ఎక్కడాగుతామని నేనే మొదలెట్టేను. ముందు చిన్న గుండ్రం చాలు, తర్వాత పెంచుకోవచ్చనుకున్నానండీ. ఇవాళ వీధంతా వస్తారు. ఆ ముక్కలు లేకపోతే బండి కదలదండీ."

వసారాలో కుర్చీలో అచ్చాయమ్మ గారు పచ్చజెండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఎవరూ కదలొద్దు!" అని ప్రసాద్ భూతద్దం తీసి నేలమీద పాకడం మొదలెట్టాడు. "ఇవిగో అడుగులు! నేరస్థుడికి కాలికి మూడే వేళ్ళు!"

ఆ అడుగుల వెంట పాకి పాకి కోళ్ళగూట్లో తల దూర్చాడు. మూడు వేళ్ళ నేరస్థుడు లోపల గుడ్లు పొదుగుతోంది. ముక్కుమీద ఒక్క పోటు పొడిచింది. "హత్యాయత్నం!" అని అరిచి వెనక్కి ఎగిరి కూలబడ్డాడు. లేచేసరికి వాడి పాంటు వెనక చిన్న నిచ్చెన వేలాడుతోంది.

"ఇదేంట్రా, నన్ను పట్టుకుంది?"

"అయ్యే, అయ్యేనండీ మా పట్టాలు!" అని కాశీవిశ్వనాథం గారు పరిగెత్తుకొచ్చారు.

ప్రసాద్ వెంటనే గొంతు సవరించుకున్నాడు. "నాకు ముందే తెలుసండీ. ఇక నేరస్థుణ్ణి..."

"నేనే బాబూ," అన్నారు అచ్చాయమ్మ గారు. "పెట్ట గూడెక్కలేక అవస్థపడతందని పొద్దున్న నేనే తీసి ఆనించేను."

"అదేంటమ్మా! రైలొస్తుందని చెప్పేను కదా?"

"చెప్పేవు నాయనా. మీ నాన్నా చెప్పేరు. మా మావగారూ చెప్పేరు. ఆ రైలొచ్చేదాకా కోళ్ళకైనా పనికొస్తాయనీ..."

కాశీవిశ్వనాథం గారు కోళ్ళరెట్ట తుడిచి ఆ ముక్కల్ని బిగించారు.

"చూశావా, కేసు పట్టాలెక్కించాను," అన్నాడు ప్రసాద్, పాంటు చిరుగుకి భూతద్దం అడ్డం పెట్టుకుని. చిరుగు ఇంకా పెద్దగా కనిపించింది.

నాలుగింటికి జెండా ఊగింది. బండి కూత వేసి, కొబ్బరిచెట్టు చుట్టి, కోళ్ళగూడు దాటి, ఆవిడ కాళ్ళ ముందుకొచ్చింది. వీధంతా చప్పట్లు.

"ఇదెక్కడికెళ్తుందిరా?"

"ఎక్కడికీ వెళ్ళదమ్మా. ఎంత తిరిగినా ఇక్కడికే వస్తుంది."

"అంటే అమలాపురమే వస్తుందా?"

"ఆయ్. అమలాపురమే."

ఆవిడ పచ్చజెండాతోనే కళ్ళు తుడుచుకున్నారు. "అయితే ఆ పెట్టకి వేరే నిచ్చెన చూడరా. ఇక ఈ పట్టాలు ఖాళీగా ఉండవు," అన్నారు.