బుడగ నిలవని చోటు

అయినా జుట్టు ఎత్తులోకి వస్తుందా, రాదా? అది తేలాల్సిన విషయం. సరుకు తూచేటప్పుడు సంచి బరువు తీసేస్తారు, అది న్యాయం. మరి మనిషిని కొలిచేటప్పుడు జుట్టు మందం తీసేయడం మాత్రం న్యాయం కాకుండా పోతుందా? గడ్డానికి సబ్బు నురగ పూసుకుని అద్దం ముందు నిలబడ్డ కాటా మాస్టారు ఈ వాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. వెనక గదిలో ఆయన కూతురు గోడకి వీపు ఆనించి, నెత్తిమీద అట్ట పెట్టుకుని పిలుస్తోంది.

"నాన్నా! వచ్చి గీత గియ్యవా? మెడ నొప్పి పుడుతోంది."

నిరుడు సెలవుల్లో ఆ పిల్లని థీమ్ పార్కుకి తీసుకెళ్లారు. అక్కడ రోలర్ కోస్టర్ గేటు పక్కన ఒక చెక్క ఎలుగుబంటి చెయ్యి చాపుకుని నిలబడి ఉంటుంది. ఆ చేతికి తల తగలని పిల్లల్ని లోపలికి పోనివ్వరు. పిల్లకి నాలుగు వేళ్లు తక్కువైంది. కళ్లనీళ్లు పెట్టుకుంది. మాస్టారికి గుండె కరిగింది. "ఎలుగుబంటి చేతికి నీ తల తగిలిన రోజున మనిద్దరం పక్కపక్కన కూర్చుని ఎక్కుదాం. సరేనా?" అన్నాడు. అన్న క్షణంలో ఆయనకి ఎంతో హాయిగా అనిపించింది. నాలుగు వేళ్లంటే చాలా దూరం అనుకున్నాడు. పిల్లలు రాత్రిళ్లు కూడా పెరుగుతారన్న సంగతి ఆయనకి తట్టలేదు.

ఆయన పని కాటాలు సరిచేయడం. బజారులో ఏ దుకాణం కాటా తేడా చేసినా ఆయన దగ్గరికే వస్తుంది. బల్ల మీద రసమట్టం పెడతాడు. అది అరచేతిలో పట్టే గాజుగొట్టం, అందులో చిన్న బుడగ. బుడగ మధ్యలో నిలిస్తే బల్ల సమంగా ఉన్నట్టు. తర్వాత కాటా మీద తూకం రాయి వేసి, ముల్లు ఊగి ఊగి ఆగేదాకా ఊపిరి బిగపట్టి చూస్తాడు. ఆగడమే ఆయనకి అన్నం పెడుతోంది. కదిలేవేవీ ఆయనకి పడవు. బస్సు పడదు, ఉయ్యాల పడదు, పక్కవాడు కుర్చీలో కాళ్లు ఊపినా పడదు. బస్సులో ఎప్పుడూ డ్రైవరు పక్కనే నిలబడి దారి చూస్తూ వెళ్తాడు. దారంటే ఇష్టమని కూతురితో అంటాడు.

ఆ పిల్లకి ఒక నమ్మకం ఉంది. "మా నాన్న చెయ్యి పెడితే ఊగేది ఏదైనా ఆగిపోతుంది" అని క్లాసులో అందరికీ చెప్పింది. ఆ మాట మాస్టారి చెవిన పడినప్పటి నుంచీ ఆయన కొంచెం నిటారుగా నడుస్తున్నాడు. అలాంటి నాన్న, కాస్త ఊగగానే సంచిలో మొహం పెట్టి వాంతి చేసుకోవడం కూతురు చూడాలా? అది మాత్రం జరగకూడదు.

నురగ మొహంతోనే వెళ్లి గీత గీశాడు.

"అట్ట అంత గట్టిగా నొక్కకండి. పిల్ల మెడ లోపలికి పోతుంది," అంది భార్య వంటగదిలోంచి. ఆమెకి గోడల్లోంచి కూడా కనిపిస్తుంది.

"బూట్లెందుకే పిడుగూ, ఎండగా ఉంది. చెప్పులేసుకో," అన్నాడు మాస్టారు, వాటి మడమల ఎత్తు చూసి.

"బూట్లే వేసుకుంటుంది," అంది మళ్లీ వంటగది. "అవునూ, పార్కు షికారుకి ఆ పని కోటేమిటండీ?"

"జేబులున్నాయి."

ఆమె బయటికొచ్చి ఆ జేబుల్లోకి తొంగి చూసింది. ఒకదాంట్లో నిమ్మకాయ, అల్లం ముక్కలు. ఇంకోదాంట్లో బుద్ధిగా మడతపెట్టిన సంచులు. మూడోదాంట్లో రసమట్టం, అది ఎప్పుడూ ఉండేదే. ఆమె గొంతు తగ్గించింది.

"దానికి మీరే నిజం చెప్పేస్తే ఏం పోతుందండీ?"

"ఏ నిజం?"

"పడవ నిజం."

పెళ్లైన కొత్తలో ఇద్దరూ చెరువులో పడవెక్కారు. తర్వాత ఏం జరిగిందన్నది ఆ ఇంట్లో ఎవరూ పూర్తిగా చెప్పరు. పడవ అన్న మాట చాలు. మాస్టారు కోటు గుండీలు పెట్టేసుకున్నాడు.

పార్కులో ఆయన పథకం సిద్ధంగా ఉంది. ముందు మెత్తటి రైడ్లు ఎక్కించి, కడుపునిండా తినిపించి, పిల్ల కాళ్లు నొప్పులు పుట్టేలా తిప్పితే సాయంత్రానికి తనే ఇంటికి పోదామంటుంది. మెత్తటివి ఎంచడానికి ఆయన ఎక్కేవాళ్ల వంక చూడలేదు. దిగేవాళ్ల మొహాలు చూస్తూ నిలబడ్డాడు. పడవలా ఊగే పెద్ద ఓడ దగ్గర దిగేవాళ్లు గోడలు పట్టుకుంటున్నారు. వద్దు. గాల్లో ఎగిరే కుర్చీలు చూడనే చూడలేదు. చివరికి పూల బొమ్మలేసిన పెద్ద పెద్ద టీకప్పులు కనిపించాయి. అందులోంచి దిగేవాళ్లంతా పాలపళ్ల పిల్లలు, నవ్వుకుంటూ దిగుతున్నారు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"ఇది ఎక్కుదాం, పిడుగూ!"

"ఇది చిన్నపిల్లలది కదా నాన్నా?"

"పెద్దవాళ్లు ఎక్కకూడదని రాయలేదుగా."

కప్పు తిరిగింది. కప్పుల కింద ఉన్న పళ్లెం ఇంకో వైపు తిరిగింది. మధ్యలో ఉన్న చక్రాన్ని కూతురు తన శక్తి కొద్దీ తిప్పింది. మాస్టారు ఒక పువ్వు బొమ్మ మీద చూపు నిలబెట్టాలని చూశాడు, అది కూడా తనతోనే తిరుగుతోంది. కాళ్లేమో మనం ఎక్కడికీ పోవట్లేదంటున్నాయి, కళ్లేమో ప్రపంచమంతా పోతోందంటున్నాయి, కడుపు ఇద్దరి మాటా నమ్మనంటోంది.

కూతురు మంచినీళ్ల కోసం తల్లి దగ్గరికి పరిగెత్తింది. అదే ఆయన అదృష్టం. కప్పుల చుట్టూ ఉన్న కటకటాలు పట్టుకుని వేలాడాడు. లోకంలో నిజం చెప్పేది ఏదైనా ఒక్కటి చూస్తే గానీ నిలదొక్కుకోలేననిపించింది. రసమట్టం తీసి కటకటాల మీద పెట్టి, బుడగ వంక రెప్ప వెయ్యకుండా చూశాడు. కటకటాలు ఓ పక్కకి ఒరిగి ఉన్నాయి. బుడగ మధ్యలో నిలవలేదు. "ఛ... ఛ..." అంటూ తల అడ్డంగా ఊపాడు.

కప్పులు తిప్పే మీసాల ఆపరేటరు ఇదంతా చూశాడు. పని కోటు, దాని జేబు మీద కుట్టిన తక్కెడ గుర్తు, చేతిలో కొలిచే పరికరం, ఊగే తల. ఏ రోజైనా చెప్పకుండా తనిఖీకి వస్తారని, వచ్చినవాళ్లు తామెవరో ఒప్పుకోరని మేనేజరు వారం నుంచీ అందర్నీ హెచ్చరిస్తున్నాడు. ఆపరేటరు పరుగున వచ్చాడు.

"ఏం చెయ్యమంటారు సార్?"

ఎదురుగా కప్పులు మళ్లీ తిరుగుతున్నాయి. మాస్టారు కళ్లు మూసుకుని, మనస్ఫూర్తిగా కోరుకున్నది చెప్పాడు. "దాన్ని... కాసేపు... ఆపగలరా?"

ఆపేశారు. దారికి అడ్డంగా తాడు కట్టేశారు.

మాస్టారు కళ్లు తెరిచేసరికి ప్రపంచం నిలకడగా ఉంది. ఎన్నో బస్సుల్లో, లిఫ్టుల్లో లోలోపల మొరపెట్టుకున్నాడు గానీ, అడగ్గానే ఆగడం ఇదే మొదలు. ఇంత మర్యాదగల చోటు ఉంటుందా అని ఆశ్చర్యపోతూ అల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నాడు.

ఊగే ఓడ దగ్గరికి వచ్చేసరికి అది అప్పటికే ఆగి ఉంది. అక్కడి ఆపరేటరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కప్పుల దగ్గర్నుంచి ఫోనొచ్చింది సార్. మీరు చెప్పే దాకా ఎందుకని మేమే ఆపేశాం."

"నేనేమీ తనిఖీకి రాలేదండీ," అన్నాడు మాస్టారు కంగారుగా.

"అర్థమైంది సార్," ఆపరేటరు రహస్యంగా కన్నుగీటాడు. "మీరు రాలేదు. మేం చూడలేదు."

భార్య వెనక నుంచి గొణిగింది. "ఏం చేశారండీ?"

"ఏమీ చెయ్యలేదే! బుడగ చూశానంతే."

సరిగ్గా అప్పుడు మాస్టారి మనసులో ఒక మూల చిన్న దీపం వెలిగింది. మంచి దీపం కాదు. కటకటాల మీద రసమట్టం పెడితే చాలు, ఏదైనా ఆగుతుంది. ఏదైనా అంటే రోలర్ కోస్టర్ కూడా. మాట తప్పినట్టూ కాదు, పరువు పోయినట్టూ కాదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క కాటా ముల్లు కూడా ఎవరి వైపూ వంచలేదు. ఈ ఒక్కటీ వంచితే ఎవరికి నష్టం? ఆయన కాళ్లు జవాబు కోసం ఆగలేదు.

కూతురు ఎలుగుబంటి దగ్గరికి పరిగెత్తింది. మాస్టారు ఇటు తిరిగి, కంచె మీద రసమట్టం పెట్టాడు. ఈసారి బుడగ ఠక్కున మధ్యలో నిలిచింది. అంత సమంగా ఉన్న కంచెని ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా తల అడ్డంగా ఊపాడు. గేటుకి తాడు పడింది.

"నాన్నా! తగిలింది! చూడు, జుట్టు అణిచేసినా తగిలింది!"

ఆ పిల్ల రెండు చేతులతో నెత్తిమీద జుట్టు అదిమిపట్టుకుని ఎలుగుబంటి అరచేతి కింద నిలబడి ఉంది. అంటే పొద్దున ఆయన అట్టని ఎందుకు నొక్కాడో కనిపెట్టిందన్నమాట. న్యాయంగా కొలిపించుకోవాలని జుట్టు మందం తనే తీసేసింది. మాస్టారు ఆ చేతులు చూస్తూ అల్లం ముక్క నమలడం మానేశాడు.

"ఇవాళ లేదు పాపా," అన్నాడు గేటు దగ్గర మనిషి. "ఆ సారు ఆపించారు."

కూతురు ఆ సారు ఎవరా అని చూసింది.

"ఆయన మా నాన్న," అంది. తర్వాత కొంచెం ఆలోచించి, నెమ్మదిగా, "మా నాన్న ఊరికే ఏదీ ఆపరు. ఏదో తప్పు ఉండే ఉంటుంది," అంది.

తిట్టినా బాగుండేది. మాస్టారి లోపలి ముల్లు సున్నా దాటి అవతలికి పోయింది.

ఈలోగా క్యూలో ఉన్న జనం గోల మొదలుపెట్టారు. టై కట్టుకున్న మేనేజరు చల్లటి పానీయం పట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"సార్, లోపం ఎక్కడుందో చెబితే ఈ నిమిషంలో సరిచేయిస్తాం."

"లోపం లేదండీ. కంచె నిక్షేపంలా ఉంది. నేను కాటాలు బాగుచేసేవాణ్ణి. తేడా నాలోనే ఉంది. మళ్లీ నడపండి."

"వినండయ్యా!" మేనేజరు జనం వైపు తిరిగాడు. "సారు ఏ లోపమూ లేదంటున్నారు!"

"లేకపోతే ఎందుకు ఆపారు?" క్యూలోంచి ఒక గొంతు లేచింది. "ముందు ఆయన్ని ఎక్కమనండి, చూస్తాం!"

"మేనేజరు కూడా ఎక్కాలి!" అంది ఇంకో గొంతు. జనమంతా చప్పట్లు కొట్టారు. మేనేజరు చేతిలో పానీయం తొణికింది. ఎందుకు తొణికిందో ఎవరూ పట్టించుకోలేదు.

భార్య మాస్టారి చెవి దగ్గరికి వచ్చింది. "పడవలో నేనొక్కదాన్నే చూశానండీ. ఇవాళ చూడ్డానికి ఊరంతా వచ్చింది."

మొదటి వరసలో ముగ్గురికి చోటు. మధ్యలో కూతురు, అటు మేనేజరు, ఇటు మాస్టారు. అడ్డకడ్డీ వచ్చి ఒళ్లో పడింది. మాస్టారు ఒక చెయ్యి జేబులో సంచి మీద వేసి, ఇంకో చేత్తో కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, ఇసుమంతైనా వణకడం లేదు. బండి టకటకమంటూ పైకెక్కింది. శిఖరం మీద ఒక్క క్షణం ఆగింది. దూరంగా, ఇళ్ల కప్పుల అవతల, నేల ఆకాశాన్ని తాకే గీత కనిపించింది. ఎంత పెద్ద బుడగైనా నిలిచేంత సమంగా ఉంది. మాస్టారు దాని మీద చూపు నిలబెట్టాడు.

పడిపోయారు.

ఆశ్చర్యం! పడుతున్నామని కళ్లు చెప్పాయి, పడుతున్నామని కడుపూ చెప్పింది. ఇద్దరి మాటా ఒకటే. కప్పులా చుట్టూ తిప్పి మోసం చెయ్యడం లేదు. దారి ఎదురుగా కనిపిస్తోంది, బస్సులో డ్రైవరు పక్కన నిలబడ్డట్టే. కాకపోతే డ్రైవరుకి పిచ్చెక్కింది. మలుపులో తను కేక పెట్టానని మాస్టారు ముందు గుర్తించలేదు. గుర్తించాక ఇంకోటి పెట్టాడు.

బండి ఆగింది. అలవాటుగా కడుపు మీద చెయ్యి వేసుకుని లోపలి ముల్లు నిలిచే దాకా ఊపిరి బిగపట్టాడు. రెండుసార్లు ఊగింది. సున్నా దగ్గర నిలిచింది.

అటు పక్క నుంచి సన్నటి మూలుగు వినిపించింది. మేనేజరు మొహం పండని టమాటా రంగులో ఉంది.

"పదేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నానండీ..." టై వదులు చేసుకుంటూ గొణిగాడు. "ఒక్కటీ ఎక్కలేదు. ఎవరికీ చెప్పలేదు. నాకు పడదు."

మాస్టారు కూతురి వైపు చూశాడు. కూతురు తన వైపే చూస్తోంది. జేబులోంచి సంచి తీసి, మడత విప్పి, మేనేజరు చేతిలో పెట్టాడు.

"నాకూ పడదండీ," అన్నాడు, అందరికీ వినపడేలా. "అందుకే ఆపించాను. లోపం పార్కుది కాదు."

"తెలుసు నాన్నా," అంది కూతురు. "పడవ సంగతి అమ్మ ఎప్పుడో చెప్పింది. అయినా ఎక్కావుగా!" ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.

కాసేపటికి మేనేజరు సంచిలోంచి మొహం ఎత్తాడు. "ఓడని నడిపించేస్తాను సార్. మరి ఆ కప్పులు?"

మాస్టారు రసమట్టం తీసి, ఒళ్లో ఉన్న అడ్డకడ్డీ మీద పెట్టి, బుడగ వంక చాలాసేపు చూశాడు.

"వాటిని మాత్రం ఇవాళ్టికి ఆగనివ్వండి."