టీకాల లాంచీలో విహారయాత్ర

ఆ శనివారం ఉదయం అచ్చంపేట రేవుకు బయలుదేరే ముందు దేవానందం మాస్టారు తల్లి ఎస్తేరమ్మతో ఒక అబద్ధం ఆడాడు. "ఫిలోమినా చంటిదాన్ని తీసుకుని రేవుకే వచ్చిద్దమ్మా. వాళ్ళమ్మ రావట్లేదు, మోకాళ్ళ నొప్పులంట" అన్నాడు. ఇలాంటిదే ఇంకొకటి ముందు రోజు రెంటచింతలలో అత్తగారు ఇన్నాసమ్మతో ఆడి వచ్చాడు. "మా అమ్మ రాదు అత్తమ్మా, లాంచీ ఎక్కితే కళ్ళు తిరుగుతాయంట." బడిలో పిల్లల చేత సత్యమే పలకాలని వల్లె వేయించే మనిషే ఆయన. కానీ ఇంట్లో సత్యం పలికి పలికి అప్పటికి ఎనిమిది నెలలుగా భార్యకు దూరంగా ఉంటున్నాడు.

ఎస్తేరమ్మ ప్రొటెస్టెంట్ల మిషను గుడికి వెళుతుంది. ఇన్నాసమ్మ కాథలిక్కుల ఆర్‌.సి.ఎం. గుడికి వెళుతుంది. పిల్లల పెళ్ళి ఆర్‌.సి.ఎం. గుళ్ళో జరిగింది. ఎస్తేరమ్మ ఆ రోజు గుడి లోపల అడుగు పెట్టకుండా, గుమ్మం అవతల గొడుగు వేసుకుని నిలబడి కొడుకు పెళ్ళి చూసింది. ఇప్పుడు మనవరాలు పుట్టింది. "పెళ్ళి వాళ్ళ గుళ్ళో అయింది, బాప్తిస్మం మా గుళ్ళో కావాల్సిందే" అని ఈవిడ. "పెళ్ళినాడు ఫాదర్ గారి ముందు మీ అబ్బాయి మాటిచ్చాడు, పిల్ల మా గుడిదే" అని ఆవిడ. బాప్తిస్మం అయితే గానీ పేరు పెట్టరు గనక, ఎనిమిది నెలల పిల్లను అందరూ చంటిది అనే పిలుస్తున్నారు.

పురిటికి వెళ్ళిన ఫిలోమినా ఈ గొడవ చూసి అక్కడే ఉండిపోయింది. "వాళ్ళిద్దరూ ఒక్క మాట మీదకొస్తేనే నేను అచ్చంపేట వచ్చేది. రోజూ ఆ రభస మధ్య పిల్లని పెంచటం నావల్ల కాదు" అని మొగుడికి ఖచ్చితంగా చెప్పేసింది. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలని మాస్టారు చాలాసార్లు ప్రయత్నించాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు చెంగు దులుపుకుని లేచిపోయేవారు. ఆలోచించగా ఆలోచించగా ఆయనకు కృష్ణానది గుర్తొచ్చింది. నది మధ్యలో నుంచి లేచిపోవడం ఎంత పట్టుదల ఉన్న మనిషికైనా కష్టం.

అదే సమయానికి చలమయ్య శెట్టి లాంచీ వచ్చింది. సాగర్ దగ్గర ఆనకట్ట కడుతున్నారని జనం బస్సులెక్కి వెళ్ళి చూసి వస్తున్న రోజులవి. రాళ్ళు చూడడానికే ఇంతమంది పోతుంటే నీళ్ళు చూడడానికి రారా అని చలమయ్యకు అనిపించింది. సర్కారు వేలంలో ఒక పాత లాంచీ పాడుకున్నాడు. అది అంతకు ముందు ఒడ్డు వెంట ఊళ్ళకు మశూచి టీకాలు, కలరా సూదులు తెచ్చిన లాంచీ. దాని తెల్ల రంగు మీద చిలకపచ్చ కొట్టించి, 'శ్రీ కృష్ణా కుటుంబ విహార నౌక' అని రాయించాడు. మెత్తని పరుపులు, చల్లని నీడ, గ్రామఫోను సంగీతం, వేడి వేడి భోజనం, ఇంటిల్లిపాదికీ ఉల్లాసం అని కరపత్రాలు పంచాడు.

అన్నీ మార్చాడు గానీ సరంగు పున్నయ్యను మార్చలేదు. టీకాల రోజుల్లోనూ ఆ లాంచీ నడిపింది పున్నయ్యే. రేవు కనబడగానే తాడు లాగి పొడుగ్గా హారను కొట్టడం ఆయన చేతికి అలవాటైపోయింది. ఇకమీదట ఆ హారను కొట్టాలా వద్దా అన్న సంగతి చలమయ్య ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఎస్తేరమ్మ లాంచీ ఎక్కేసరికి ఇన్నాసమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇద్దరూ గుడికి కట్టే తెల్లచీరల్లోనే వచ్చారు.

"ఏందిరా అబ్బాయ్, మోకాళ్ళ నొప్పులన్నావు? నాకంటే ముందే ఎక్కి కూర్చుందే!" అంది ఎస్తేరమ్మ.

"అల్లుడూ, మీ అమ్మకి కళ్ళు తిరగటం ఎప్పుడు తగ్గింది?" అంది ఇన్నాసమ్మ.

మాస్టారు నది వైపు తిరిగి కొంగలను చూడసాగాడు. పున్నయ్య అప్పటికే లంగరు ఎత్తేశాడు. వియ్యపురాళ్ళిద్దరూ చెరో వైపుకు తిరిగి కూర్చున్నారు.

చలమయ్య చెప్పిన మెత్తని పరుపు అంటే, సూదులు వేసేటప్పుడు జనాన్ని కూర్చోబెట్టే బల్ల మీద పరిచిన దుప్పటి. చల్లని నీడ టార్పాలిన్ రూపంలో ఉంది గానీ, గాలికి ఒక మూల ఊడి జెండాలా కొట్టుకుంటోంది. గ్రామఫోను ఉంది, దాని పిడి ఇంట్లో మరచిపోయారు. లాంచీ అంతా ఫినాయిలు వాసన. "మొదటి ప్రయాణం గదండీ, అన్నీ సర్దుకుంటాయి" అని చలమయ్య కండువాతో విసురుకుంటూ తిరుగుతున్నాడు.

వియ్యపురాళ్ళు మాట్లాడుకోకుండా ఉండలేదు. చంటిదాని ద్వారా మాట్లాడుకున్నారు.

"ఏమే చంటీ, ఎండ మొహాన పడుతుంది, అటు తిప్పుకోమని మీ అమ్మమ్మతో చెప్పవే."

"ఎనిమిది నెలల్నించి పెంచుతున్నాను, ఎండా నీడా నాకు తెలుసని మీ నాయనమ్మతో చెప్పు తల్లీ."

చంటిది రెండు వర్తమానాలూ విని బొటనవేలు చప్పరించింది. ఫిలోమినా మొగుడి వైపు చూసిన చూపుకు మాస్టారు మళ్ళీ కొంగల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇది కూడా పాడైతే ఆమె సాయంత్రం బస్సుకే పుట్టింటికి పోతుందని ఆయనకు బాగా తెలుసు.

భోజనం మొదటి రేవులో. అక్కడ శివపార్వతమ్మ అనే పూటకూళ్ళావిడతో చలమయ్య ముందే మాట్లాడి పెట్టాడు. ఊరు కనబడింది. ఒడ్డున ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు, పిల్లలు ఈత కొడుతున్నారు. పున్నయ్య తాడు లాగాడు.

హారను మోత ఆగేసరికి ఒడ్డున ఒక్క పురుగు లేదు. ఉతికే బట్టలు బండల మీదే ఉన్నాయి. పిల్లలు గోచీలు కూడా ఏరుకోకుండా పరుగెత్తారు. వీధి పొడుగునా తలుపులు ధడధడా మూసుకున్నాయి. శివపార్వతమ్మ పాక ముందు పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉంది, ఆవిడ మాత్రం లేదు.

"శివపార్వతమ్మా! భోజనాలకొచ్చాం!" చలమయ్య తలుపు తట్టాడు.

"నాకు పోయినేడే వేశారు! మచ్చ కూడా ఉంది!" లోపలి నుంచి కేక వచ్చింది.

"సూది కాదమ్మా, భోజనం!"

"పోయినసారి కూడా ఏదో మంచి మాట చెప్పే తలుపు తీయించారు!"

ఎంత బతిమాలినా ఆవిడ తలుపు తీయలేదు. అందరూ ఆకలి కడుపులతో లాంచీ ఎక్కారు. వాళ్ళు అటు కదలగానే ఇటు తలుపుల వెనక ఆలోచన మొదలైంది. ఇన్నాళ్ళు లేని లాంచీ ఇవాళ ఎందుకొచ్చినట్టు? ఎక్కడో కలరా వచ్చి ఉండాలి. తెల్లచీరల నర్సులు ఇద్దరున్నారంటే గట్టిగానే వచ్చి ఉండాలి. ఒకతను సైకిలెక్కి, పై ఊళ్ళో ఉన్న అత్తవారిని హెచ్చరించడానికి గట్టు వెంట తొక్కుకుంటూ పోయాడు. లాంచీ ఏటికి ఎదురు పోతోంది గనక సైకిలే ముందు చేరింది.

రెండో రేవులో జనం పారిపోలేదు. ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి ఉంది. ముందు వరుసలో మునసబు గోపాలరావు, తలపాగా సర్దుకుని స్వాగతానికి సిద్ధంగా ఉన్నాడు. పున్నయ్య హారను కొట్టగానే అందరూ ఒక్కసారిగా "వచ్చింది, వచ్చింది" అన్నారు. చలమయ్య మొహం వెలిగిపోయింది. కరపత్రాలు ఇంతదూరం చేరాయనుకున్నాడు పాపం.

లాంచీ ఆగీ ఆగకముందే గోపాలరావు ఎక్కి మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. "డాక్టరు గారూ, ముందు మా ఊరికెయ్యండి. కలరా ఎంత దాకా వచ్చింది?"

"నేను డాక్టర్ని కాదండీ. అచ్చంపేట బళ్ళో మాస్టర్ని."

"జనం బెదురుతారని అట్టా అంటున్నారు. నాతో చెప్పొచ్చు, నేను మునసబుని."

"ఇది విహార నౌకండీ! పేరు చూడండి, అంత పెద్దచ్చరాలతో రాయించాను!" అన్నాడు చలమయ్య.

"పేరుదేముంది శెట్టీ, హారను అదేగా" అన్నాడు గోపాలరావు.

ఈలోగా జనం లాంచీలోకి ఎక్కేశారు. లాంచీ ఒక పక్కకు ఒరిగింది. అక్తర్ బేగం అనే ఆవిడ అందరినీ తోసుకుని వచ్చి బల్ల మీద కూర్చుని, రవిక చెయ్యి పైకి మడిచి ఎస్తేరమ్మ ముందు చాపింది. "వెయ్యమ్మా, నాకేం భయంలేదు. బిరీన వెయ్యి, పొయ్యి మీద చేపల కూర మాడిద్ది."

ఆకలి, ఎండ, చుట్టూ జనం. ఎస్తేరమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. అది గోపాలరావు కంట పడింది.

"ఈ ముసల్దానికి సూది పట్టుకోవటం కూడా వచ్చినట్టు లేదే! సర్కారోళ్ళకి ఇంకెవరూ దొరకలేదా?" అన్నాడు.

ఇన్నాసమ్మ చంటిదాన్ని కూతురి చేతికిచ్చి లేచింది.

"ఏందయ్యా, మాట తిన్నగా రానియ్! ఎవర్ని పట్టుకుని ముసల్దంటున్నావు? మా వదినని! మొగుడు పోయినాక పొలం పని చేసి, ఒక్కగానొక్క కొడుకుని మాస్టర్ని చేసిన చేతులయ్యా అవి. మీ ఊరు మొత్తం కలిసినా ఆ చేతులకి సాటిరాదు. మునసబువైతే మాత్రం, నోటికి హద్దుండక్కర్లా?"

వదిన అన్న మాట విని మాస్టారు గబుక్కున తల్లి వైపు చూశాడు. ఎస్తేరమ్మ మెల్లగా తల తిప్పి, ఆ మనిషిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ కొంగుతో ఒత్తుకుని మునసబు మీదకే తిరిగింది.

"మా వదిన చెప్పింది వినపడిందా? వినపడితే కింద కూర్చో. మీ ఊళ్ళో ఎవరికన్నా వాంతులా?"

"లేవండి."

"విరేచనాలు?"

"అబ్బే, లేవండి."

"మరి కలరా యాడుంది?" ఇన్నాసమ్మ అడిగింది.

"మీరొచ్చారు గదా, ఉండే ఉండిద్దనుకున్నాం" అన్నాడు గోపాలరావు, కిందనే కూర్చుని.

ఆ తరువాత వియ్యపురాళ్ళను ఎవరూ ఆపలేకపోయారు. ఇద్దరూ ఊళ్ళోకి దిగి, మూతల్లేని కుండలున్న ఇల్లాళ్ళందరికీ వరసగా చీవాట్లు పెట్టారు. ఒకావిడ నీళ్ళు కాచి తాగమనేది, ఇంకొకావిడ కాచి చల్లార్చాక మూత పెట్టమనేది. అక్తర్ బేగం అందరినీ తన ఇంటికి తీసుకుపోయి చేపల కూరతో అన్నం పెట్టింది. "ముల్లు చూసుకో వదినా" అని ఎస్తేరమ్మ తన చేత్తో ముక్క తీసి ఇన్నాసమ్మ విస్తట్లో వేసింది. అది చూస్తూ మాస్టారు ఖాళీ విస్తట్లోనే ముద్ద కలిపాడు.

తిరుగు ప్రయాణంలో చంటిది నిద్రపోయింది. ఎండకు మాడకుండా నుదుట తడిగుడ్డ వేసి బల్ల మీద పడుకోబెట్టారు. మొదటి ఊరి ముందు నుంచి పోతున్నప్పుడు శివపార్వతమ్మ తలుపు సందులోంచి ఆ తడిగుడ్డ చూసింది. అంతే, లాంచీలో బిడ్డకు కలరా తగిలిందన్న కబురు సాయంత్రం బస్సులో లాంచీ కంటే ముందే అచ్చంపేట చేరి, మాస్టారి బిడ్డకు ప్రాణం మీదకు వచ్చిందని అయింది.

లాంచీ రేవుకు చేరేసరికి మోకాటిలోతు నీళ్ళలో ఇద్దరు మనుషులు ఎదురుచూస్తున్నారు. మిషను గుడి పాస్టరు నెహెమ్యా గారు ఒక పక్క, గ్రంథం తడవకుండా నెత్తిన పెట్టుకుని. ఆర్‌.సి.ఎం. గుడి ఉపదేశి అంతోని ఒక పక్క, ఫాదర్ గారు ఊళ్ళో లేనందున తీర్థం సీసా తానే పట్టుకుని.

"పేరు లేకుండా పోకూడదు బిడ్డ, ముందు నన్ను ఎక్కనియ్ అంతోనీ!"

"ప్రాణం మీదున్నప్పుడు ముందేంది, వెనకేంది పాస్టరు గారూ!"

ఇద్దరూ ఒకేసారి ఎక్కబోయేసరికి లాంచీ ఊగింది. చంటిది లేచి, కృష్ణ రెండు ఒడ్డులకూ వినిపించేలా ఏడ్చింది. ఆ గొంతు విన్నాక ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. పాస్టరు గారూ అంతోనీ ఒకరి భుజం ఒకరు పట్టుకుని "స్తోత్రం, స్తోత్రం" అన్నారు.

మాస్టారు మాత్రం మళ్ళీ కొంగల కోసం వెతికాడు. రెండు గుళ్ళ మనుషులూ ఎదురుగా నిలబడ్డారు, ఇక పాత పోరు మొదలవుతుందనుకున్నాడు.

"పాస్టరు గారూ, వచ్చే ఆదివారం మీ గుళ్ళోనే బాప్తిస్మం. మా వదిన కోరిక కాదంటానా?" అంది ఇన్నాసమ్మ.

"అదేంది వదినా! అంతోనీ, ఫాదర్ గారు రాగానే చెప్పు. పిల్లకి జ్ఞానస్నానం మీ గుళ్ళోనే. మావాడు ఇచ్చిన మాట పోగూడదు" అంది ఎస్తేరమ్మ.

"నువ్వు పెద్దదానివి, నీ మాటే నెగ్గాలి."

"పెద్దదాన్నంటూనే నా మాట వినవేంది?"

"ఈ ఒక్కటీ వినను."

"నేనూ వినను! ఎంత మొండిదానివి వదినా నువ్వు!"

ఇద్దరి గొంతులూ పెరుగుతున్నాయి. ఫిలోమినా పిల్లను భుజాన వేసుకుని, మొగుడి చేతికి సంచీ ఇచ్చింది. "పదండి ఇంటికి."

"ఇంటికంటే... మనింటికా? వాళ్ళు ఒక్క మాట మీదకు రావాలన్నావుగా!"

"ఇంతకంటే ఇంకేం ఒక్కటవుతారు?" అంది ఫిలోమినా.

మాస్టారు సంచీ పట్టుకుని, ఎనిమిది నెలల బరువు దింపుకున్నవాడిలా గట్టెక్కాడు. వాదం తెగక ఇన్నాసమ్మ ఆ రాత్రికి ఎస్తేరమ్మ దగ్గరే ఉండిపోయింది, ఆ తరువాత కూడా వాదించడానికని నెలనెలా వచ్చి వారం రోజులు ఉండిపోయేది.

ఆ వాదం తేలేసరికి చంటిదానికి నడక వచ్చేసింది, ఇంటికి ఏ గుడి దగ్గరైతే ఆ గుడికే అన్న తీర్పు మీద తనే నడిచి వెళ్ళి బాప్తిస్మం తీసుకుంది.